ట్యాబ్‌కి నాలుగు మానిటర్లు తగిలించండి

ట్యాబ్‌కి రెండు మూడు మానిటర్లు పెట్టుకోవాలని ఉందని ఎవరితో అన్నా ఒకటే జవాబు వస్తుంది: "ఆ డబ్బుకి మంచి డెస్క్‌టాప్ వస్తుంది కదండీ!" వస్తుంది. అయినా కొనకండి. నా మొదటి సలహా ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. సీపీయూ డబ్బా ఒకసారి గడప దాటి లోపలికొచ్చిందంటే పనంతా దాని దగ్గరికి పోతుంది. ట్యాబ్ వంటింట్లో యూట్యూబ్ చూడ్డానికి మిగులుతుంది. పెన్నుతో తెర మీద నేరుగా రాయగలిగిన యంత్రాన్ని అంత హీనంగా చూడటం నాకు నచ్చదు.

నాది ప్రూఫులు దిద్దే పని. పాత పుస్తకాన్ని మళ్లీ వేస్తున్నప్పుడు కళ్ల ముందు ఒకేసారి నాలుగు ఉండాలి: పాత ముద్రణ స్కాను, కొత్తగా కంపోజ్ చేసిన పేజీ, ఆంధ్రభారతి నిఘంటువు, సంపాదకుడితో నడిచే వాట్సాప్. చేతి కింద ట్యాబ్, దాని మీద పెన్ను. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎలా చెదిరిపోతాయో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. ఒక పేజీలో 'ష్ట' విడిపోతుంది, ఇంకో పేజీలో 'క్ష్మ' సగమే మిగులుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటే చూపు ఇలా తిప్పగానే దొరికిపోతాయి. ఒకే తెర మీద విండోలు మార్చుకుంటూ చూస్తే, మార్చే ఆ అర సెకనులో ఏ అక్షరం దగ్గర ఉన్నామో మరిచిపోతాం. అందుకే ఒక మానిటర్ చాలంటే ఒప్పుకోను. రెండు కూడా తక్కువే. మూడు ఉంటే పని మొదలవుతుంది, నాలుగు ఉంటే సాగుతుంది.

కొనే వరసలో కూడా లోకం చెప్పేదానికి ఎదురు నడవండి. ముందు మానిటర్లు కొనండి, ట్యాబ్ సంగతి తర్వాత. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ బజారుకి వెళ్తే ఆఫీసుల నుంచి దిగిన 22, 24 అంగుళాల మానిటర్లు వరసగా పేర్చి ఉంటాయి. నాలుగూ ఒకే మోడల్, 1920×1080 చుక్కలవి తీసుకోండి. వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మర రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే స్టాండ్‌కి బిగించలేరు. హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ లేకుండా వీజీఏ ఒక్కటే ఉన్నది ఎంత చవకైనా వద్దు. ఈ కాలపు ట్యాబ్‌లన్నిటిలోంచీ వచ్చేది డిజిటల్ సిగ్నల్. దాన్ని వీజీఏకి మార్చాలంటే మధ్యలో ఇంకో చిప్ పెట్టాలి, అక్కడే సన్న అక్షరాల అంచులు మసకబారతాయి. తెలుగులో సున్నాకీ గుడిదీర్ఘానికీ ఆ మసక పడితే ఇక ప్రూఫు చూడనే అక్కర్లేదు.

షాపులో మీరు విషయం చెప్పగానే ఒక చిన్న డబ్బా చేతిలో పెడతారు, దాని పేరు స్ప్లిటర్. "ఒక హెచ్‌డీఎంఐ నుంచి నాలుగు వస్తాయి సార్" అంటారు. ఆ మాట నిజమే. వచ్చే నాలుగూ ఒకే బొమ్మ, నాలుగు నకళ్లు. పెళ్లి మండపంలో నాలుగు టీవీలకి అదే కావాలి, మనకి అక్కర్లేదు. తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు కేబుల్. ఎక్కువమంది ఇక్కడే నిరాశపడి ట్యాబ్‌ని తిడుతూ కూర్చుంటారు. టైప్-సి అన్నది రంధ్రం ఆకారం మాత్రమే, అందులోంచి ఏమేం వస్తాయన్నది వేరే సంగతి. ఆ రంధ్రంలోంచి బొమ్మ పంపే ఏర్పాటుని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు, 2014లో ప్రకటించారు. ట్యాబ్‌లో ఆ సదుపాయం ఉండాలి, కేబుల్‌లో కూడా దానికి తగ్గ తీగలు ఉండాలి. డబ్బాలో ఛార్జర్‌తో ఇచ్చే సన్నటి తెల్ల కేబుల్ యూఎస్‌బీ 2.0 రకం. ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫైళ్లు నెమ్మదిగా వెళ్తాయి, బొమ్మ మాత్రం రాదు. రెండు చివరలా ఒకేలా కనిపించినా లోపల తీగలు లేవు. థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు ఉన్న పొట్టి కేబుల్ ఒకటి కొనేయండి. ఖరీదు చూసి వెనకాడొద్దు, నాలుగు మానిటర్ల బరువూ దాని మీదే. ఇంకో మాట. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ సాధారణంగా ఒక దిక్కునే పనిచేస్తుంది. దాన్ని తిరగేసి, హెచ్‌డీఎంఐ ఉన్న పాత ట్యాబ్ నుంచి టైప్-సి మానిటర్‌కి బొమ్మ పంపుదామంటే కుదరదు.

వైర్లు లేకుండా మిరాకాస్ట్ మీద నడిపేయొచ్చు కదా అని అడుగుతారు. వద్దు. గాల్లోంచి వచ్చే బొమ్మని కుదించి పంపుతారు. మౌస్ కదిలించిన కాసేపటికి బాణం కదులుతుంది. అక్షరం చూసేవాళ్లకి అది పనికిరాదు.

విండోస్ ట్యాబ్ ఉన్నవాళ్ల పని తేలిక. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో వరసనే తీసుకుంటాను. 2013 నాటి మొదటి సర్ఫేస్ ప్రోలోనే మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉంది. 2021లో వచ్చిన సర్ఫేస్ ప్రో 8లో రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులు ఉన్నాయి. ఛార్జింగ్‌కి అయస్కాంతంతో అతుక్కునే పోర్టు వేరుగా ఉంది కాబట్టి ఆ రెండూ మనవే. కొనేముందు చూడాల్సింది గ్రాఫిక్స్ చిప్ మొత్తం ఎన్ని తెరల్ని నడపగలదు అన్న సంఖ్య. ఇంటెల్ యూహెచ్‌డీ 620 ఉన్న తరంలో అది 3. అందులో ట్యాబ్ సొంత తెర ఒకటి పోతే బయటికి రెండే. 11వ తరంలో ఐరిస్ ఎక్స్‌ఈ వచ్చాక అది 4 అయింది. అంటే ట్యాబ్ తెర వెలుగుతుండగానే బయట మూడు. ఒక పోర్టు నుంచి రెండు, రెండో పోర్టు నుంచి మూడోది.

ఒక పోర్టు నుంచి రెండు ఎలా వస్తాయంటే, డిస్‌ప్లేపోర్ట్ 1.2తో 2010లో వచ్చిన ఎంఎస్‌టీ పద్ధతి వల్ల. ఒకే తీగలో రెండు మూడు వేరు వేరు బొమ్మలు కలిసి ప్రయాణిస్తాయి, అవతల హబ్ వాటిని విడదీస్తుంది. హబ్ లేకుండా కూడా కుదురుతుంది: వెనక డిస్‌ప్లేపోర్ట్ లోపలికి ఒకటి, బయటికి ఒకటి ఉన్న మానిటర్లయితే ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసుగా కలుపుకుంటూ పోవచ్చు. నాకు గొలుసే ఇష్టం. బల్ల మీద ఒక డబ్బా తగ్గుతుంది.

హబ్ కొంటే మాత్రం లెక్క వేసుకోండి. టైప్-సి కేబుల్‌లో వేగంగా పోయే దారులు నాలుగు. హబ్‌లో యూఎస్‌బీ 3 పోర్టులు పెడితే రెండు దారులు వాటికి పోయి, బొమ్మకి రెండే మిగులుతాయి. 1.2 వేగంలో ఆ రెండు దారుల్లో సెకనుకి 8.64 గిగాబిట్లు పడతాయి. 1920×1080 తెర సెకనుకి 60 సార్లు మారాలంటే సుమారు 3.2 కావాలి. రెండు తెరలకి 6.4, హాయిగా సరిపోతుంది. మూడో తెర పెడితే 9.6, పట్టదు. 4కె తెర 60 సార్లు మారాలంటే ఒక్కదానికే సుమారు 12.5 కావాలి కాబట్టి అదీ పట్టదు. చవక హబ్‌ల మీద "4కె 30 హెర్ట్జ్" అని రాసి ఉండటానికి కారణం ఇదే. అందుకని యూఎస్‌బీ 3 లేని హబ్‌ని వెతికి కొనండి. నాలుగు దారులూ బొమ్మకే దక్కుతాయి, 17.28 గిగాబిట్లు. పెన్‌డ్రైవ్ నత్తనడక నడుస్తుందని అందరూ వెనక్కి లాగుతారు. నడవనివ్వండి. ఫైలు రోజుకి రెండుసార్లు కాపీ చేస్తాం, తెరని రోజంతా చూస్తాం.

నాలుగో మానిటర్‌కి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ పెట్టండి. అది గ్రాఫిక్స్ చిప్ లెక్కలోకి రాదు. ట్యాబ్ ప్రాసెసరే బొమ్మని కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది, అడాప్టర్ దాన్ని విప్పి మానిటర్‌కి ఇస్తుంది. డ్రైవర్ వేసుకోవాలి. కుదించే చాకిరీ ప్రాసెసర్‌ది కాబట్టి అక్కడ వీడియోలు ఆడించొద్దు. నిఘంటువు పేజీ పెట్టుకోండి, కదలకుండా నిలబడి ఉండే బొమ్మకి పెద్ద పని ఉండదు.

అసలు ముడి ఐప్యాడ్‌తోనే. ఎక్కువసేపు దాని గురించే చెప్పాలి, ఎందుకంటే అందరూ చేతులెత్తేసింది అక్కడే. ఐప్యాడ్ ప్రోలో టైప్-సి 2018లో వచ్చింది, 2021లో ఎం1 చిప్‌తో థండర్‌బోల్ట్ కూడా వచ్చింది. ఆ పోర్టుకి 6కె మానిటర్‌ని నడిపే సత్తా ఉంది. 2022 డిసెంబరులో ఐప్యాడ్ ఓఎస్ 16.2 వచ్చాక ఎం చిప్ ఉన్న ఐప్యాడ్‌లలో బయటి మానిటర్ ట్యాబ్ తెరకి నకలుగా ఉండటం మానేసి, సొంత తెరగా పనిచేయడం మొదలుపెట్టింది. ట్యాబ్ మీద నాలుగు యాప్‌లు, మానిటర్ మీద ఇంకో నాలుగు. కానీ బయటి మానిటర్ ఒక్కటే. రెండు పోర్టులున్న ఖరీదైన డాక్ తెచ్చి తగిలించినా రెండో బొమ్మ పుట్టదు, వస్తే గిస్తే మొదటిదానికి నకలే వస్తుంది. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌కి టైప్-సి ఉన్నా అది నకలు దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ "కుదరదు" అని పుస్తకం మూసేస్తారు. మూయకండి. ఐప్యాడ్ ఒకే బొమ్మ ఇస్తానంటోంది, సరే. ఆ బొమ్మ 4కె, అంటే 3840×2160. దాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం కోస్తే ఎంత? సరిగ్గా నాలుగు 1920×1080 ముక్కలు. ఒక్క చుక్క మిగలదు, ఒక్క చుక్క తక్కువ కాదు. మీరు ముందే కొనిపెట్టుకున్న నాలుగు మానిటర్ల కొలత అదే.

ఆ కోసే యంత్రం బజార్లో ఎప్పట్నుంచో ఉంది. షాపింగ్ మాల్స్‌లో, కంట్రోల్ రూముల్లో గోడనిండా తెరలు అమర్చడానికి వాడే వీడియో వాల్ కంట్రోలర్. అందులో 2×2 రకం అడగండి: లోపలికి ఒక హెచ్‌డీఎంఐ, బయటికి నాలుగు. స్ప్లిటర్ లాగే కనిపిస్తుంది, ధర చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. లోపలి పోర్టు 4కె 60 హెర్ట్జ్ తీసుకునేదై ఉండాలి. 30 తీసుకునేది కొంటే మౌస్ బాణం ఎగురుకుంటూ పోతుంది. ఐప్యాడ్ నుంచి కంట్రోలర్ దాకా వెళ్లే అడాప్టర్ కూడా 60కి తగ్గకూడదు, లేకపోతే కంట్రోలర్‌కి పెట్టిన డబ్బు వృథా. ఇలాంటి ఆలోచన కొత్తదేమీ కాదు. కెనడాకి చెందిన మేట్రాక్స్ కంపెనీ డ్యూయల్‌హెడ్2గో అనే డబ్బాతో ఎన్నో ఏళ్ల కిందటే ఇదే చేసింది. రెండు మానిటర్లని కంప్యూటర్‌కి ఒకే వెడల్పాటి మానిటర్‌గా చూపించేది. రెండో మానిటర్‌కి దారిలేని ల్యాప్‌టాప్‌ల వాళ్లు దాన్ని వాడుకున్నారు.

కంట్రోలర్ మెనూలో బెజెల్ కరెక్షన్ అని ఒకటి ఉంటుంది. అది ఆపేయండి. రెండు మానిటర్ల మధ్య ప్లాస్టిక్ అంచు వెనక బొమ్మ దాగి ఉన్నట్టు చూపించడానికి, ఆ మేరకి చుక్కల్ని అది కత్తిరించేస్తుంది. సినిమా బొమ్మకి అందం. మనకైతే అంచు దగ్గరున్న వాక్యంలో ఒక అక్షరం మాయమవుతుంది, అది మాయమైందని కూడా తెలియదు.

తర్వాత ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో బయటి డిస్‌ప్లేకి ఎక్కువ చోటు ఇచ్చే ఎంపిక పెట్టండి. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 ఉంటే పని ఇంకా సుఖం. విండో మూలనున్న రంగు బొత్తాల్ని నొక్కి పట్టుకుంటే తెరని నాలుగు పావులుగా పంచే ఎంపిక వస్తుంది. ఒక్కో పావు ఒక్కో మానిటర్‌లో కూర్చుంటుంది. పై ఎడమన పాత స్కాను, పై కుడిన కొత్త పేజీ, కింద ఎడమన నిఘంటువు, కింద కుడిన వాట్సాప్. యాప్‌ల వరస ఉండే డాక్ మాత్రం కింది రెండు మానిటర్ల మధ్య అంచు మీద పడి, ఏదో ఒక యాప్ గుర్తు రెండు ముక్కలవుతుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది. బయటి తెరల మీద వేలు పెడితే ఏమీ జరగదు, మౌస్, కీబోర్డు తప్పనిసరి.

"దీనికన్నా 43 అంగుళాల 4కె టీవీ ఒకటి కొంటే అదే బొమ్మ, అంచులు లేకుండా, సగం ఖర్చులో వస్తుంది కదా?" అన్నది నాకు ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న. బొమ్మ అదే వస్తుంది. కానీ టీవీ ఒకే పలక, దాని నాలుగు మూలలు మీకు నాలుగు వేరువేరు దూరాల్లో ఉంటాయి. నాలుగు మానిటర్లయితే ఒక్కోదాన్ని మీ ముఖం వైపు తిప్పుకోవచ్చు. పై రెండిటిని కొంచెం కిందికి వంచుకోవచ్చు, పక్కన కూర్చున్న మనిషి వైపు ఒకదాన్ని తిప్పి "ఇదిగో, ఇక్కడ ఒత్తు పోయింది" అని చూపించొచ్చు. ఒకటి చెడిపోతే మిగతా మూడూ పనిచేస్తాయి. అంచులు కూడా నాకు మేలే చేస్తాయి. పాత ప్రతికీ కొత్త ప్రతికీ మధ్య గట్టి గీత ఉండాలి, లేకపోతే కన్ను ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారిపోతుంది. టీవీ కొనకండి.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. శాంసంగ్ డెక్స్ 2017లో గెలాక్సీ ఎస్8 ఫోన్‌తో వచ్చి, 2018లో ట్యాబ్ ఎస్4కి చేరింది. మంచి ఏర్పాటే కానీ బయటి మానిటర్ ఒక్కటే. ట్యాబ్ ఎస్6 లైట్ లాంటి వాటి పోర్టు యూఎస్‌బీ 2.0 కాబట్టి తీగ ద్వారా బొమ్మే రాదు. డిస్‌ప్లేలింక్ వాళ్ల ప్రెజెంటర్ యాప్ వేసుకుంటే వస్తుంది, అదీ నకలే. ఇవి ఉన్నవాళ్లు అమ్మేసి ఐప్యాడ్ గానీ సర్ఫేస్ గానీ కొనుక్కోవడం మేలు. డెస్క్‌టాప్ మాత్రం కాదు.

తగిలించాక ట్యాబ్‌ని కదపొద్దు. సోఫాలోకి తీసుకెళ్లాలనిపిస్తుంది, బస్సు ఎక్కేటప్పుడు సంచిలో వేసుకోవాలనిపిస్తుంది. తీసి పెట్టిన ప్రతిసారీ ఆ చిన్న టైప్-సి రంధ్రం అరుగుతుంది, విండోలు చెదిరిపోతాయి, మళ్లీ సర్దుకోవడంతోనే ఉదయం గడిచిపోతుంది. విండోస్ 11లో మానిటర్ కనెక్షన్‌ని బట్టి విండోల స్థానాలు గుర్తుపెట్టుకునే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసి ఉంచండి. ప్రయాణానికి ఒక నోటు పుస్తకం, పెన్సిలు చాలు. ట్యాబ్ బల్ల మీద కాస్త వాలుగా, పెన్నుకి అనువుగా ఉండాలి. కేబుల్‌ని బల్ల అంచుకి క్లిప్పుతో బిగించండి, చెయ్యి తగిలినా లాగినట్టు అవ్వదు.

ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ గురించి ఆలోచించాలి. సర్ఫేస్‌లో అయితే యూఈఎఫ్‌ఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ లిమిట్ పెడితే సగం దగ్గర ఆగుతుంది. 2024 నుంచి వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఎయిర్‌లలో 80 శాతం దగ్గర ఆపే ఎంపిక ఉంది. రోజంతా నూటికి నూరు ఛార్జ్‌తో వేడిలో ఉన్న బ్యాటరీ ఉబ్బుతుంది, ఉబ్బితే తెర పైకి లేస్తుంది.

వేడి మన దగ్గర చిన్న సంగతి కాదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడాలని ఆపిల్ చెబుతుంది. విజయవాడలో, రామగుండంలో మే నెలలో ఆ అంకె ఉదయం పూటే దాటిపోతుంది. వేడెక్కితే ముందు తెర వెలుతురు తగ్గుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, ఆ తర్వాత హెచ్చరిక పెట్టి పని ఆపేస్తుంది. సర్ఫేస్ ప్రో 7లో ఐ5 మోడల్‌కి లోపల ఫ్యానే లేదు. కాబట్టి కవర్ తీసేయండి. స్టాండ్ పూర్తిగా తెరిచి, వెనకవైపు గాలి తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఫ్యాన్ మీకు కాదు, ట్యాబ్‌కి. ఎండాకాలంలో పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి పదింటికి ఆపండి.

కరెంటు పోతే ట్యాబ్ బతికే ఉంటుంది, మానిటర్లు నాలుగూ ఒక్కసారిగా నల్లబడతాయి. విండోలన్నీ ట్యాబ్ చిన్న తెర మీదికి కుప్పగా వచ్చిపడతాయి. దానికి 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సుమారు 20 వాట్లు తీసుకుంటుంది కాబట్టి నాలుగూ, కంట్రోలర్, హబ్ దాని మీద కాసేపు నిలబడతాయి. ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించొద్దు. కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. ముందు నాలుగు మానిటర్లు, అవి వెలిగాక కంట్రోలర్ లేదా హబ్, చివరికి ట్యాబ్ కేబుల్. ఏ మానిటర్ ఎంత కొలతదో కంట్రోలర్ ముందే అడిగి తెలుసుకుంటుంది, ట్యాబ్ కంట్రోలర్‌ని అడుగుతుంది. వరస తప్పితే ఒక్కోసారి 4కె రాదు, 1080 వస్తుంది, కంట్రోలర్ దాన్నే నాలుగు ముక్కలు చేసి పెద్దగా లాగి చూపిస్తుంది. అక్షరాలు ఉబ్బినట్టు కనబడితే కేబుల్ తీసి, పదిదాకా లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి.